కొండ రోడ్డుకి నాలుగు లైన్లెందుకు?

ముందే చెప్పేస్తున్నాను, ఇది యాత్రాకథనం కాదు, పోట్లాట. ఫలానా మలుపులో ఫోటో దిగండి, ఫలానా కొట్లో టీ తాగండి లాంటివి కావాలంటే వేరేచోట బోలెడు దొరుకుతాయి. కౌలాలంపూర్‌లో మనవాళ్ళు నలుగురు కలిసినప్పుడల్లా చెవినపడే ఒక మాట మీద ఎన్నాళ్ళుగానో దాచుకున్న కడుపుమంట ఇది. ఆ మాట ఇదీ: "ఫ్రేజర్స్ హిల్ బావుంటుందిట గానీ, రోడ్డు దరిద్రం గురూ! ఇంత డబ్బున్న దేశం, ఆ రోడ్డు కాస్త వెడల్పు చెయ్యొచ్చు కదా!"

చెయ్యకూడదు. ఎందుకు చెయ్యకూడదో చెప్పడానికే ఇదంతా.

మనకి కొండ అంటే గెంటింగ్. లాంగ్ వీకెండ్ వస్తే చాలు, కారెక్కి హైవే మీద గంటలో పైకి, కాదంటే కేబుల్ కారులో పావుగంటలో పైకి. పైన కెసినో, థీమ్ పార్కు, షాపింగు మాలు. కిందున్నవే పైనా ఉంటాయి, ఏసీ మాత్రం దేవుడిస్తాడు. నాకేమీ అభ్యంతరం లేదు, ఎవరి సరదా వాళ్ళది. కానీ ఆ ఒక్క కొండా చూసి, మలేసియాలో ఉన్న ప్రతి కొండా అలాగే ఉండాలనీ, మన అరకూ లంబసింగీ కూడా అలాగే అవ్వాలనీ తీర్మానాలు చేస్తేనే నాకు ఒళ్ళు మండేది. అలాంటి తీర్మానాలు చేసేవాళ్ళలో ఒక్కరూ ఏ కొండ రోడ్డు మీదా రెండు కిలోమీటర్లు నడిచినవాళ్ళు కారు.

ఇంతకీ ఆ దరిద్రపు రోడ్డు సంగతి. కౌలాలంపూర్‌కి ఉత్తరంగా కౌలా కుబు భారు అనే చిన్న ఊరుంది, ఇక్కడందరూ కేకేబీ అంటారు. అక్కణ్ణించి రౌబ్ వెళ్ళే 55వ నంబరు ఫెడరల్ రోడ్డు తితివాంగ్సా కొండల్లోకి ఎక్కుతుంది. ముప్పై కిలోమీటర్లు దాటాక సెలాంగోర్, పహాంగ్ రాష్ట్రాల సరిహద్దులో 'ద గ్యాప్' అనే కనుమ. అక్కణ్ణించి ఫ్రేజర్స్ హిల్ పైకి 8 కిలోమీటర్ల పాత రోడ్డు. ఒక్కటే లైను, ఎదురుగా ఇంకో కారొస్తే తప్పుకునే చోటుండదు. అందుకని దశాబ్దాల పాటు కిందో గేటు, పైనో గేటు పెట్టి, కాసేపు ఎక్కేవాళ్ళనీ కాసేపు దిగేవాళ్ళనీ వంతులవారీగా వదిలారు. గేటు దగ్గర ఆగి కూచోవడమన్నది మనవాళ్ళకి ప్రాణసంకటం. "ఇదేం ఊరండీ, కొండెక్కడానికి టోకెన్ సిస్టమా" అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో సెమాఫోర్ గురించి చదువుకుని పాసైన వాళ్ళే ఈ మాటంటే నవ్వాలో ఏడవాలో తెలీదు.

ఆ రోడ్డు చరిత్ర కూడా కాస్త తెలియాలి. లూయీ జేమ్స్ ఫ్రేజర్ అనే స్కాట్లండ్ దొర అక్కడ తగరం తవ్వించి, కంచరగాడిదల మీద కిందికి దింపేవాడు. తర్వాత మనిషి అయిపు లేకుండా పోయాడు. 1917లో సింగపూర్ బిషప్ ఫెర్గూసన్-డేవీ ఆయన్ని వెతుక్కుంటూ కొండెక్కాడు. దొర దొరకలేదు గానీ చల్లగాలి దొరికింది. ఇక్కడ వేసవి విడిది పెట్టుకోవచ్చని సర్కారుకి రాశాడు. 1919లో పనులు మొదలై 1922లో విడిది తెరిచారు. ఆ 1922 అన్న ఏడాదిని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనుంది.

ఈ రోడ్డు మీద నేను సైకిల్ తొక్కాను, మరికొన్నిసార్లు గ్యాప్ నుంచి పైకి నడిచాను. ఆఫీసులో ఈ మాట చెబితే మన తెలుగు మిత్రుడొకాయన జాలిగా చూసి, "ఏం, కారు సర్వీసింగుకిచ్చావా?" అన్నాడు. మన దృష్టిలో సైకిలంటే పేపరబ్బాయిది, పాలవాడిది. నడకంటే డాక్టరు చెప్పాక పార్కులో గుండ్రంగా తిరిగేది, లేదా మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి మెట్లెక్కేది. పనిగట్టుకుని ఒక రోడ్డుని చూడ్డానికి నడిచేవాడు మనకి పిచ్చివాడి కింద లెక్క.

కానీ చూడండి, అతి తక్కువ గేరులో గంటకి ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నప్పుడు కనిపించేది కారులో చచ్చినా కనిపించదు. పక్షులూ పువ్వుల సంగతి కాదు నేను చెప్పేది. అవీ ఉన్నాయి. మలుపు మలుపుకీ అడవి అరటీ, చెట్టంత ఎత్తు ఫెర్నులూ, పొద్దున పూట లోయ అవతల్నించి సియామాంగ్ కోతుల కూతలూ, మడమ దగ్గర చడీచప్పుడూ లేకుండా చేరే జలగలూ. 1988 నుంచీ ఇక్కడ అంతర్జాతీయ పక్షుల పోటీలు జరుగుతూ వచ్చాయి, ఎవరు ఎక్కువ రకాలు చూస్తారా అని. అవన్నీ బోనస్. అసలు కనిపించేది కాలవ.

అవును, కాలవ. కొండ వైపు రోడ్డు అంచున పారే కాలవ. కారులో వెళ్ళేవాడికి రోడ్డు కనిపిస్తుంది, నడిచేవాడికి కాలవ కనిపిస్తుంది. తితివాంగ్సా కొండల మీద ఏడాదికి రెండు మీటర్ల పైన వాన పడుతుంది. ఆ నీళ్ళు కొండ మీంచి జారి రోడ్డు దగ్గరికి వచ్చేసరికి ఎటో పోవాలి కదా. కాలవలో పడి, తూములోంచి రోడ్డు కింద దాటి, అవతల రాళ్ళు పరిచిన చోట లోయలోకి దిగాలి. కాలవలో ఆకులూ మట్టీ పూడితే నీళ్ళు రోడ్డెక్కుతాయి. రోడ్డు అంచు నానుతుంది. ఒక రాత్రి పెద్దవాన పడితే అంచుతో పాటు సగం రోడ్డు లోయలో ఉంటుంది. రక్షణ గోడల్లో వరసగా కన్నాలుంటాయి చూడండి, గోడ వెనక ఊరిన నీళ్ళు బయటికి కారడానికి. ఆ కన్నం పూడిందంటే గోడకి రోజులు దగ్గరపడ్డట్టే. నడుస్తూంటే ఒక్కో కన్నం దగ్గరా ఆగి చూడొచ్చు, ఏది కారుతోంది, ఏది పూడింది అని. కారులో వెళ్ళేవాడికి అది ఒట్టి నాచు పట్టిన గోడ.

కేకేబీలో టీ కొట్టు దగ్గర నా సైకిల్ చూసి ఒక పెద్దాయన పలకరించాడు. కాసేపు మలయ్‌లో మాట్లాడాక, ఫోన్లో నేను తెలుగు మాట్లాడ్డం విని, "ఏటి బాబూ, మనోళ్ళేనా?" అన్నాడు. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాట్ట, పేరాక్ రాష్ట్రంలో బగాన్ దతుక్ దగ్గర కొబ్బరి తోటల్లోకి. ఈయన రోడ్ల శాఖలో కూలీగా చేసి రిటైరయ్యాడు. రోడ్డు గురించి నేను రెండు ప్రశ్నలడిగితే ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు: "రోడ్డంటే తారు గాదు బాబూ, కాలవ. కాలవ సుబ్బరంగుంటే రోడ్డుంటాది, నేకపోతే వానొచ్చి అట్టుకుపోతాది." ఇంత బాగా చెప్పే కన్సల్టెంటుని నా సర్వీసులో చూళ్ళేదు.

మలయాలో తెల్లదొరల కాలంలో రోడ్ల మీదా రబ్బరు తోటల్లోనూ చెమటోడ్చిన కూలీల్లో ఎక్కువమంది దక్షిణ భారతం నుంచి వచ్చినవాళ్ళు. అందులో తమిళులదే పెద్ద భాగం, తెలుగువాళ్ళు కొంత. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసని ఆపేదాకా కంగాణీలు ఊళ్ళమ్మట తిరిగి మనుషుల్ని ఓడలెక్కిస్తూనే ఉన్నారు. మనం ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద విమానం దిగినవాళ్ళం. వాళ్ళు కట్టినదాన్ని "దరిద్రపు రోడ్డు" అనే ముందు కాస్త నోరు తడుముకోవాలి.

సరే, సెంటిమెంటు వద్దు, లెక్కలోకి వద్దాం. కొండ వాలు 45 డిగ్రీలనుకోండి. రోడ్డు వెయ్యడానికి కొండని 60 డిగ్రీల కోణంలో కోస్తున్నామనుకోండి. రోడ్డు మొత్తం కొండని కోసే వెయ్యాలంటే, వెడల్పు ఒక మీటరు పెరిగినప్పుడల్లా కోత ఎత్తు సుమారు 2.4 మీటర్లు పెరుగుతుంది. నాలుగు మీటర్ల రోడ్డుకి దాదాపు పది మీటర్ల గోడ. పన్నెండు మీటర్ల రోడ్డుకి దాదాపు ముప్పై మీటర్ల గోడ, అంటే పదంతస్తుల మేడంత. ఇక తవ్వే మట్టి అయితే వెడల్పు వర్గంతో పెరుగుతుంది. వెడల్పు రెండింతలైతే మట్టి నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. ఓ ఆఫ్ ఎన్ స్క్వేర్ అన్నమాట. "ఇంకో రెండు లైన్లే కదా" అనేవాళ్ళు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోండి, త్రికోణమితి ఇంటర్‌లో చదివిందే చాలు. ఆ కోత పాదం తీసేశాక పైనున్న కొండని ఏది ఆపుతుంది? తవ్విన మట్టి ఎక్కడికి పోతుంది? పక్కనున్న లోయలోకి, అక్కణ్ణించి నదిలోకి.

నదిలోకి పోతే ఏమవుతుందో కేకేబీ పేరులోనే ఉంది. 'భారు' అంటే మలయ్‌లో కొత్త. అంటే పాత కౌలా కుబు ఒకటుండేది. 1883లో అక్కడి ఆనకట్ట తెగి ఊరు కొట్టుకుపోయింది. మళ్ళీ కట్టుకున్నారు. తర్వాత ఎగువన తగరం తవ్వకాల మట్టి దిగి నది అడుగు పైకి లేచింది, వరద మీద వరద. చివరికి 1930 ప్రాంతాల ఊరినే పైకి మార్చుకుని కొత్త కౌలా కుబు అని పేరు పెట్టుకున్నారు. కొండలో తవ్విన మట్టి ఒక ఊరిని లేపేసింది. ఇవాళ ఆ ఊళ్ళో టీ తాగి బయల్దేరి, కొండ మీద రోడ్డు వెడల్పు చెయ్యమంటున్నాం మనం.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఫ్రేజర్స్ హిల్ నే సాక్ష్యం పిలుస్తాను. పాత రోడ్డు ఇరుకని 2000ల మొదట్లో ఇంకో కొత్త రోడ్డు తెరిచారు. ఆధునిక యంత్రాలు, ఆధునిక డిజైను. కొండచరియలు జారి ఆ కొత్త రోడ్డు ఏళ్ళ తరబడి మూతపడింది. ఆ రోజుల్లో బళ్ళన్నీ ఎక్కడ నడిచాయంటారా? 1920లలోని ఆ దరిద్రపు ఒక లైను రోడ్డు మీదే, అదే గేటు పద్ధతిలో! పాత రోడ్డుకి ఎన్నడూ దెబ్బ తగల్లేదని నేననను. కొండన్నాక జారుతుంది. కానీ కొండ ఒంపుతో పాటు ఒంపు తిరుగుతూ, కొండని తక్కువగా గీకిన రోడ్డు దెబ్బ తిన్నా తక్కువలో తింటుంది, తొందరగా బాగవుతుంది. ప్రొడక్షన్‌లో నడుస్తున్న పాత కోడుని, అర్థం కాలేదన్న ఒక్క కారణంతో తీసిపారేసి తిరగరాసిన ప్రతి ప్రాజెక్టు మేనేజరుకీ ఈ కథ కంఠతా వచ్చి ఉండాలి.

ఇది ఒక్క మలేసియా గొడవే కాదు. తిరుమల సంగతి చూడండి. మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద బండరాళ్ళు పడి రోడ్డు దెబ్బతింది. అప్పుడు పైకీ కిందికీ బళ్ళని వంతులవారీగా మోసింది 1944 నాటి రోడ్డే. అన్నట్టు, ఘాట్ రోడ్డు మీద ఇన్ని నిమిషాల కన్నా ముందు చేరితే జరిమానా అని టీటీడీ నిబంధన పెట్టిన సంగతి మనకందరికీ తెలుసు. తిరుపతిలో ఆ నిబంధనకి గోవిందా అని తలొగ్గేవాళ్ళం, గ్యాప్ గేటు దగ్గర పావుగంట ఆగాలంటే మలేసియా వెనకబడిపోయిందంటాం. ఇదేం న్యాయం?

ఇక వాదనలకొద్దాం. మనవాళ్ళు వేసే మొదటి బాణం: "వెడల్పు రోడ్డు సేఫ్ గురూ, ఇరుకు రోడ్డు మీదే యాక్సిడెంట్లు." 2013 ఆగస్టు 21న గెంటింగ్ నుంచి దిగుతున్న బస్సు లోయలో పడి 37 మంది పోయారు. అది ఇరుకు రోడ్డు కాదు. 2025 జూన్ 9న గెరిక్ దగ్గర తూర్పు-పడమర హైవే మీద బస్సు బోల్తాపడి 15 మంది యూనివర్సిటీ విద్యార్థులు పోయారు. అదీ కొండలో గేటు కట్టిన సందు కాదు. కొండ మీద చంపేది వాలు, వేగం, బ్రేకు. రోడ్డు వెడల్పు చేస్తే ఆ మూడింటిలో పెరిగేది వేగం. ఎదురుగా ఏమొస్తుందో తెలియని మలుపులో మనిషి తనంతట తనే నెమ్మదిస్తాడు. మలుపు తీసేస్తే ఆ భయం పోతుంది, లోయ మాత్రం అక్కడే ఉంటుంది.

రోడ్డు మీద నడిచే బళ్ళకే కాదు, రోడ్డు కిందున్న వాళ్ళకీ ప్రాణాలున్నాయి. 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున బాతాంగ్ కాలీ దగ్గర, గెంటింగ్‌కి వెళ్ళే రోడ్డు వారన వాలు జారి కింద గుడారాల్లో నిద్రపోతున్న వాళ్ళ మీద పడింది. 31 మంది, పసిపిల్లలతో సహా. కేకేబీకి అది ఎంతో దూరం కాదు. కొండ వాలుని రియల్ ఎస్టేట్ లాగా, వీకెండ్ స్పాట్ లాగా మాత్రమే చూసేవాళ్ళు ఆ తారీఖుని గుర్తుంచుకోవాలి.

రెండో బాణం టైము. "రెండు గంటలు మిగుల్తుంది కదా!" మిగిల్చి ఏం చేస్తారు? పైనున్న రిసార్టులో వైఫై పాస్‌వర్డ్ అడుగుతారు. ఎమ్మెస్‌లో డైక్స్ట్రా అల్గారిథమ్ చదివినప్పుడు మా ప్రొఫెసరు అస్తమానం ఒకటే అనేవారు, దగ్గరి దారి కనుక్కోవడం మెషీను పని, ఒక్కో దారికీ ఏ వెయిట్ ఇవ్వాలన్నది మనిషి పని అని. మనం నిమిషాలొక్కటే వెయిట్‌గా ఇచ్చి, వచ్చిన జవాబుని అభివృద్ధి అని పిలుస్తున్నాం. తూము దిగువనున్న ఊరు, వాలు మీదున్న అడవి, అక్కడ తరతరాలుగా ఉన్న మనుషులు మన గ్రాఫులో లేనేలేరు.

ఉన్నారు మరి. కేకేబీ దాటగానే సైకిల్ మీద ఎడాపెడా వగరుస్తూ ఎక్కితే సుంగై సెలాంగోర్ డ్యామ్ వస్తుంది. నీళ్ళు అద్భుతంగా ఉంటాయి, అందరూ ఫోటోలు తీసుకుంటారు. 2000ల మొదట్లో పూర్తయిన ఆ డ్యామ్ కోసం గెరాచీ, పెర్తాక్ అనే రెండు ఊళ్ళని లేపి వేరేచోట పెట్టారు. అవి తెమువాన్ అనే ఆదివాసుల ఊళ్ళు. కౌలాలంపూర్ చుట్టుపక్కల మన కుళాయిల్లో నీళ్ళ వెనక వాళ్ళ నేల ఉంది. పోలవరం కోసం కదిలిన కోయలూ కొండరెడ్లూ గుర్తొస్తే అది నా తప్పు కాదు. కారులో నలభై సెకన్లలో దాటిపోయే మలుపు అది. సైకిల్ మీద అయితే దాహం వేసి ఆగుతారు, ఆగితే అడుగుతారు, అడిగితే తెలుస్తుంది.

మూడో బాణం అసలైనది. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. "ఊరికి దూరంగా కూచుని కబుర్లు చెప్పకు. మన్యంలో రోడ్డు లేక గర్భిణుల్ని డోలీల్లో మోసుకొస్తున్నారు. వాళ్ళకీ రోడ్డొద్దంటావా?"

అనను. అననే అనను. నెప్పులు పడుతున్న ఆడమనిషిని కర్రకి దుప్పటి కట్టి వానలో మైళ్ళు మోసుకురావడం మనందరికీ సిగ్గుచేటు. ఆ గూడేలకి రోడ్డు నిన్న రావాల్సింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రాలో 'అడవి తల్లి బాట' అని గిరిజన గ్రామాలకి రోడ్ల పనులు మొదలుపెట్టారు, మంచిదే, ఆఖరి గూడెం దాకా పోవాలి. కానీ అయ్యా, ఆ తల్లికి కావలసిన రోడ్డు ఎంత వెడల్పు? గ్రామ సడక్ యోజన రోడ్ల మామూలు వెడల్పు 3.75 మీటర్లు. ఆంబులెన్సుకి అది చాలు. దానికి కావలసింది నాలుగు లైన్లు కాదు, వానాకాలంలో కూడా తెగకుండా ఉండడం. అంటే మళ్ళీ కాలవ, తూము, వాటిని శుభ్రంచేసే మనిషికి నెలనెలా జీతం.

డోలీ ఫోటో చూపించి టూరిస్టు రోడ్డు అడగడం ఉంది చూశారూ, దాన్ని మించిన మోసం లేదు. గూడేనికి వెళ్ళే రోడ్డు వేరు, రిసార్టుకి వెళ్ళే రోడ్డు వేరు. డబ్బు మాత్రం ఒక్కటే సంచీలోంచి వస్తుంది. వ్యూ పాయింటు దాకా నాలుగు లైన్లకి పోసిన ప్రతి కోటీ ఏదో గూడెం దాకా వెయ్యని ఒక లైనే.

ఉత్తరాఖండ్ చార్ ధామ్ రోడ్ల మీద జరిగిన తగువు కూడా ఈ వెడల్పు గురించే. 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 5.5 మీటర్లు చాలంది. 2021 డిసెంబరులో సరిహద్దు రక్షణ అవసరాలు చూపించాక 10 మీటర్లకి ఒప్పుకుంది. సైన్యం అవసరాల మీద తీర్పు చెప్పేవాణ్ణి కాను నేను. కానీ అదే ప్రాజెక్టులో సిల్క్యారా సొరంగం 2023 నవంబరు 12న కూలి 41 మంది కూలీలు 17 రోజులు లోపల ఇరుక్కున్నారు. చివరికి పెద్ద యంత్రం విరిగిపోతే, ఎలుక కన్నాల్లాంటి గనుల్లో పనిచేసే కూలీలు చేత్తో తవ్వి వాళ్ళని బయటికి తీశారు. కొండ దగ్గర ఆఖరికి మిగిలేది మనిషి చెయ్యే.

ఆ చెయ్యి ఎవరిది అన్నది ఇంకో ప్రశ్న. ఇందాక 1922 గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఇక్కడ ఫ్రేజర్స్ హిల్ తెరిచిన ఆ ఏడాదే, ఆగస్టు 22న, అక్కడ మన గూడెం కొండల్లో అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డారు. మన్యం వాళ్ళ కడుపు మండడానికి పోడు మీద ఆంక్షలొక కారణమైతే, రోడ్డు ఇంకో కారణం. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండ జనాన్ని చాలీచాలని కూలికి, కొట్టి మరీ రోడ్డు పనికి తోలాడు. కొండ మీదికి రోడ్డు కావలసింది కొండవాళ్ళకి కాదు, చెమట మాత్రం వాళ్ళది. ఇవాళ మనం 'ఆంధ్రా కాశ్మీర్' అని తెల్లారకుండా కార్లేసుకుని మంచు చూడ్డానికి పరిగెత్తే లంబసింగి ఆ కొండల్లోదే. రోడ్డెవరి కోసం అన్న ప్రశ్న మీద ఒక తిరుగుబాటు జరిగిన నేల మీద నిలబడి, "రోడ్డింకా వెడల్పు చెయ్యాలండీ, పార్కింగ్ లేదు" అంటున్నాం.

అంచేత నేనడిగేది ఇంతే. ఇకమీదట ఎక్కడ ఏ కొండ రోడ్డుని వెడల్పు చేస్తామన్నా, మలేసియాలో అయినా మన్యంలో అయినా, చప్పట్లు కొట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. కోసిన మట్టి ఎక్కడ పోస్తారు? కాలవలు తియ్యడానికి ఏటా ఎంత కేటాయించారు, ఎందరు మనుషులున్నారు? ఈ రోడ్డు చివర ఉన్నది ఊరా, రిసార్టా? మూడింటికీ జవాబుంటే వెయ్యనివ్వండి. నేనూ చప్పట్లు కొడతాను.

అడిగే అర్హత రావాలంటే మాత్రం ఒకసారి నడవండి. లేదా సైకిల్ తొక్కండి. ఖరీదైన సైకిల్ అక్కర్లేదు, కింది గేరూ మంచి బ్రేకులూ ఉంటే చాలు. ఎక్కేటప్పుడు కాళ్ళు చూసుకుంటాయి, దిగేటప్పుడు మాత్రం బ్రేకులే దిక్కు. తెల్లవారకముందే కేకేబీ చేరండి. కొముటర్ రైలు స్టేషనుంది గానీ ఊరికి కాస్త దూరం. మధ్యాహ్నానికి వాన పట్టుకుంటుంది, ఆ లోపే పైనుండాలి. ఒంటరిగా వద్దు. ఏ రోడ్డు తెరిచి ఉంది, ఏది మూశారు అన్నది బయల్దేరే ముందే కనుక్కోండి. మలుపుల్లో మోటారు సైకిళ్ళు రయ్యిమని వస్తాయి, ఎడమ అంచు వదలకండి. సాక్సు మోకాలి దాకా లాక్కోండి, జలగలకి వీసా అక్కర్లేదు.

పెద్దవాళ్ళూ మోకాళ్ళ నెప్పులవాళ్ళూ నడవలేరు కదా అంటారా? కారులో నెమ్మదిగా రండి, ఆ రోడ్డు వాళ్ళనీ ఇన్నేళ్ళుగా మోస్తూనే ఉంది. గ్యాప్ దగ్గర మాత్రం ఒక పది నిమిషాలు దిగి నిలబడండి. ఫోను జేబులో పెట్టి, కొండ వైపు అంచున వంగి, ఆ కాలవలోకి చూడండి. నీళ్ళు పారుతున్నాయా, ఆకులు పూడిపోయాయా? పారుతూంటే ఎవరో ఒకాయన పొద్దున్నే వచ్చి పార పట్టాడన్నమాట. ఆ రోడ్డుకి కావలసిందల్లా అలాంటి మనిషి ఇంకొకడు. లైను కాదు.